పంటు తిరిగి వచ్చేలోపు

మా అత్తయ్య పోయారు. మలికిపురంలో తన షెడ్డులో బల్ల మీద కూర్చుని, ఎవరిదో కార్బురేటర్ కిరసనాయిల్లో కడుగుతూ, అలాగే పక్కకి ఒరిగిపోయారట. ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్నాయన ఫోన్ చేసి, "మీ అత్తయ్యగారు ఇక లేరండి" అన్నాడు. ఎవరు కొట్టారు అని అడగబోయి ఆగిపోయాను. అంత నెమ్మదిగా వెళ్ళిపోవడం ఆవిడకి అలవాటు లేని పని. ఆవిడ జీవితంలో ముఖ్యమైనవన్నీ దెబ్బల మధ్యే జరిగాయి.

ఆవిడ మా నాన్నకి చెల్లెలు. మోటార్ సైకిళ్ళు బాగుచేసేవారు. ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఎప్పుడైనా ఆ షెడ్డుకి బండి తోసుకెళ్ళి ఉంటే ఆవిడ మర్యాద గుర్తుండే ఉంటుంది. ఇంట్లో పిల్లలతో తప్ప ఇంకెవరితోనూ 'అండీ' లేకుండా మాట్లాడి ఎరగరు. ఎగిరొచ్చిన స్పానరు కూడా గుర్తుండి ఉంటుంది. వేడెక్కి ఆగిపోయిన బండిని చెప్పుతో బాదుతూ తీసుకొచ్చిన ఒక పెద్దమనిషి మీదకి స్పానరు విసిరి, అది ఆయన చెవి పక్కనుంచి పోయాక, "దాన్నెందుకు కొడతారండీ, కూర్చోండి, టీ తాగండి" అన్నారు. ఆయన కూర్చున్నాడు. టీ కూడా తాగాడు.

ఆ షెడ్డు మొదట్లో మా మావయ్యది. ఆయన మెకానిక్. ఆవిడ పక్కన నిలబడి సామాన్లు అందించేవారు, రాత్రి తన్నులు తినేవారు. ఒకసారి ఆయన సొంత బండే తరచూ వేడెక్కుతుంటే రెండుసార్లు ఇంజను విప్పి బిగించాడు. తగ్గలేదు. అప్పుడు ఈవిడ, ఇంజను విప్పక్కర్లేదేమో, సిలిండరు రెక్కల మధ్య కొబ్బరి పీచు పొడి నూనెతో కలిసి గట్టిపడిపోయింది, గాలి ఆడటం లేదు, అది గోకి చూడండి అన్నారు. మా ప్రాంతంలో పీచు మిల్లుల పక్కనుంచి తిరిగే ప్రతి బండికీ ఉండే జబ్బే అది. షెడ్డులో నలుగురు కూర్చుని ఉన్నారు. ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఆవిడ కుడి చెయ్యి పట్టి లాగి, నడుస్తున్న ఇంజను మీద అదిమి పెట్టి, "వేడెంతుందో చూసి చెప్పు" అన్నాడు. కూర్చున్న నలుగురూ కూర్చునే ఉన్నారు.

ఆయన చెయ్యి వదిలాక ఆవిడ ఎడం చేత్తో పెద్ద స్పానరు తీసి ఆయన మోకాలి మీద కొట్టారు. చిప్ప పగిలింది. కింద పడి అరుస్తున్న మొగుడితో, "కదలకండి, ఆటో పిలుస్తాను" అన్నారట. కాలు బాగయ్యాక ఆయన గల్ఫ్ వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. షెడ్డూ ఆ బండీ ఆవిడకి మిగిలాయి. చెయ్యి కాల్చిన బండిని ఎందుకు ఉంచుకున్నావు అత్తా అని అడిగితే, "బండి ఏం చేసిందమ్మా పాపం, అది అప్పటికే చాలాసేపట్నించీ చెప్తోంది" అన్నారు. రోజూ పొద్దున్నే పాత బ్రష్షుతో దాని రెక్కల మధ్య దుమ్ము దులిపేవారు.

ఆ కుడి అరచేతికి ఆ తర్వాత స్పర్శ లేదు. వేళ్ళు పనిచేసేవి గానీ అరచెయ్యి సగం ముడుచుకునే ఉండేది. వచ్చేవాళ్ళంతా ఆవిడ ఎడం చేతివాటం మనిషి అనుకునేవారు. వేడి చూడాలంటే ఎడం చేతి వెనక వైపు ఆనించేవారు. నాకూ అదే నేర్పారు. అరచేత్తో ముట్టుకోకు, ముందు చేతి వెనక పక్క ఆనించు, కాలినా పట్టుకోవడానికి ఒక చెయ్యి మిగులుతుంది అనేవారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నన్ను రామచంద్రపురం ఇచ్చారు, ధాన్యం వ్యాపారం ఉన్న ఇంటికి. మా ఆయన కొట్టేవాడు. కూర చల్లగా ఉందని ఒకసారి పన్ను ఊడగొట్టాడు. రెండుసార్లు పుట్టింటికి వచ్చేశాను. రెండుసార్లూ ఆయన వారం తిరక్కుండా పళ్ళు పట్టుకుని వచ్చి మా నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కోపం చల్లారిపోయింది, మంచివాడే అని నాన్న నన్ను దిగబెట్టి వచ్చారు. మూడోసారి బెల్టు ఇనప కొస మెడ మీద తగిలి జాకెట్టంతా రక్తమైంది. ఈసారి నాన్నకి చెప్పలేదు. అత్తయ్యకి ఫోన్ చేశాను. "గుమ్మంలో కూర్చో, వస్తున్నాను" అన్నారు.

మధ్యాహ్నానికి ఆ పాత బండి మీద వచ్చారు. మా అత్తగారితో, "అమ్మాయిని తీసికెళ్తున్నానండి, అల్లుడుగారికి చెప్పండి" అని నన్ను వెనక ఎక్కించుకున్నారు. మిల్లు దగ్గరున్న ఆయనకి ఆ కబురు ఎంతలో చేరిందో గానీ, మేం ద్రాక్షారామం దాటి కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి సగం దాటేసరికి వెనక గట్టు మీద ఆయన బండి కనబడింది. మనుషుల్నీ బళ్ళనీ దాటించే ఆ పంటు మమ్మల్ని ముక్తేశ్వరం వైపు దింపి, తిరిగి వెళ్ళి ఆయన్ని ఎక్కించుకుని రావాలి. నేను వెనక్కే చూస్తున్నాను. అత్తయ్య మాత్రం ఆయన్ని చూడటం లేదు. వంగి, ఇంకా ఆపని బండి చప్పుడు వింటున్నారు.

ముక్తేశ్వరం రేవు దాటి కొంచెం దూరం వెళ్ళామో లేదో ఇంజను ఒక్కసారి గట్టిగా గీసుకుని, వెనక చక్రం బిగుసుకుపోయింది. ఆవిడ క్లచ్ నొక్కి బండిని పక్కకి తీశారు. రోడ్డు పక్కన కొబ్బరికాయల రాశి, ఇద్దరు మనుషులు కాయలు వలుస్తున్నారు. ఆటోలు రేవులోనే ఉంటాయి, అంటే ఆయన దిగే చోటే. నేను సీసాలో నీళ్ళు ఇంజను మీద పోయబోతే నా చేతి మీద ఒక్కటి కొట్టారు. కాలిన సిలిండరు మీద నీళ్ళు పోస్తే పగులుతుంది.

"చల్లారితే వెళ్ళిపోదాం అత్తా" అన్నాను.

"చల్లారుతుందమ్మా. చల్లారితే స్టార్టవుతుంది కూడా. అందుకే జనం మోసపోతారు. ఎందుకు వేడెక్కిందో చూడకుండా ఎక్కేవనుకో, ఈసారి స్పీడులో పట్టేసి ఇద్దర్నీ లారీ కింద పడేస్తుంది."

"ఆయన వచ్చేస్తాడు."

"పంటు వెళ్ళి రావాలి కదా" అని టూల్స్ సంచి విప్పారు.

నేను రోడ్డు వైపు, ఆవిడ బండి వైపు. ఎడం చేతి వెనక పక్క ముందు చక్రానికీ వెనక చక్రానికీ ఆనించారు. బ్రేకు పట్టి లాగడం లేదు. రెక్కల మధ్య దుమ్ము లేదు. ఇంజనాయిలు పుల్ల తీసి చూశారు, సరిపడా ఉంది. గుడ్డతో పట్టుకుని ప్లగ్గు విప్పారు. ఇటిక రంగులో ఉండాల్సిన కొస తెల్లగా సున్నం రాసినట్టుంది. లోపలికి పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే అలా అవుతుంది, అదే మంట పెంచుతుంది అన్నారు. యాక్సిలేటర్ వదిలినా రేసు తగ్గకపోవడం పంటు మీదే విన్నారట. "ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది" అన్నారు. ఆ క్షణంలో ఆవిడని చంపేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. నా ప్రాణం పోతుంటే ఈవిడకి గాలి కావాల్సి వచ్చింది.

కాస్త చల్లారాక ప్లగ్గు బిగించి స్టార్టు చేశారు. కార్బురేటర్ని ఇంజనుకి కలిపే రబ్బరు మీద వేలితో నీటి బొట్లు వేశారు. మూడో నాలుగో బొట్టుకి అరుస్తున్న ఇంజను ఒక్కసారి గొంతు తగ్గించింది. రబ్బరు కింద వైపు చీలింది. నీళ్ళు ఆ చీలికని ఒక్క క్షణం మూశాయన్నమాట. సంచీలోంచి సైకిలు ట్యూబు ముక్క తీసి సాగదీస్తున్నారు. అప్పుడే ఆయన వచ్చాడు.

బండి ఆపీ ఆపకుండానే దూకి నా జడ పట్టుకుని ఈడ్చాడు. మోకాళ్ళు రోడ్డుకి గీసుకుపోయాయి. వీపు మీద తన్నాడు. కాయలు వలుస్తున్న వాళ్ళు గునపాల దగ్గర అలాగే నిలబడి చూస్తున్నారు. మొగుడూ పెళ్ళాల గొడవ కదా.

"అల్లుడుగారూ, జుట్టు వదలండి" అన్నారు అత్తయ్య.

ఆయన ఆవిడని నోటికొచ్చినట్టు తిట్టి చెంప మీద కొట్టాడు. ఆవిడ పెదవి చిట్లింది. రెండోసారి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగలేదు. ఎడం చేత్తో మణికట్టు పట్టి మెలితిప్పి, ఆయన అరచేతిని నడుస్తున్న ఇంజను మీద పెట్టి, పైన తన కుడి చెయ్యి వేసి అదిమారు. ఆ చేతికి వేడి తెలియదు. ఎంతసేపైనా పట్టుకోగలదు.

"వేడెంతుందో చూసి చెప్పండి అల్లుడుగారూ" అన్నారు.

ఆయన అరుపు కొబ్బరి తోటల్లో మోగింది. అప్పుడు వచ్చారు కాయలు వలిచేవాళ్ళు పరుగెత్తుకుంటూ. ఆవిడ వదిలేసి, సీసాలో మిగిలిన నీళ్ళు ఆయన చేతి మీద పోసి, "ఈయన్ని ఆసుపత్రికి తీసికెళ్ళండి బాబూ" అని చెప్పి, వంగి ఆ రబ్బరుకి ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించారు. ఇంజను మామూలు చప్పుడులోకి వచ్చింది. నాకు సంతోషం వేసింది. దాచుకోవడం ఎందుకు, ఒళ్ళంతా నెప్పితో ఉండి కూడా నవ్వొచ్చింది.

అమలాపురం పొలిమేరలో ఆవిడ బండి ఆపి, కాలవ గట్టున కూర్చుని వాంతి చేసుకున్నారు. ఎండ దెబ్బేమో అనుకున్నాను.

"చూసి చెప్పండీ అన్నాను కదమ్మా. అది మీ మావయ్య మాట. నా నోట్లోంచి వచ్చింది" అన్నారు. తర్వాత ఎప్పుడైనా నేను ఈ కథ గొప్పగా చెప్పబోతే లేచి వెళ్ళిపోయేవారు.

కొన్నాళ్ళకి చేతికి కట్టుతో ఆయన, వెనక పెద్దమనుషులు మా పుట్టింటికి వచ్చారు. మళ్ళీ పళ్ళు తెచ్చారు. కేసులొద్దు, జరిగిందేదో జరిగింది, అబ్బాయి కోపం పూర్తిగా చల్లారింది అన్నారు. నాన్న తల ఊపుతున్నారు. నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను, ఎలాగూ పంపేస్తారని నా సంచి సర్దే ఉంది. అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

"రెండుసార్లు చల్లారిందనే పంపేరు అన్నయ్యా. ఎందుకు వేడెక్కిందో ఒక్కసారైనా చూసేరా?"

నాన్న ఆయన వైపు చూశారు. ఎందుకు కొట్టావు బాబూ అని మొదటిసారి అడిగారు. ఆయన పెద్దమనుషుల వైపు చూశాడు. అది ఎదురు మాట్లాడుతుందండీ అన్నాడు. నాన్న లేచి, నా సంచి తీసి లోపలి గదిలో పెట్టి వచ్చి, పళ్ళ బుట్ట ఆయన చేతికి అందించారు. నేను ఈ రోజు బతికి, మలికిపురంలో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నానంటే, అది ఆ ఒక్క ప్రశ్న వల్ల. కాలిన చెయ్యి వల్ల అని ఊళ్ళో అనుకుంటారు. కాదు. కాలిన చెయ్యి పట్టుకుని కూడా ఆయన మళ్ళీ వచ్చాడు కదా.

బండికి వేసిన ట్యూబు కట్టు ఆ ప్రయాణం మర్నాడే అత్తయ్య విప్పేసి కొత్త రబ్బరు వేశారు. కట్టు ఇంటికి చేరడానికేనమ్మా, బతకడానికి కాదు అన్నారు. ఆ బండి ఇప్పుడు నా దగ్గర ఉంది.

ఆవిడకి ఆఖరి స్నానం చేయించింది మా ఇంటి ఆడవాళ్ళమే. పసుపు రాస్తూ ఒకావిడ ఆ ముడుచుకున్న కుడి చెయ్యి విప్పింది. అన్నేళ్ళలో ఆ అరచేతిని పూర్తిగా తెరిచి చూడటం నాకూ అదే మొదలు. మధ్యలో వరసగా ఇంజను రెక్కల గీతలు. అవే గీతలు రామచంద్రపురంలో ఇంకో చేతి మీద కూడా ఉన్నాయి. ఇవేంటమ్మా అని అడిగింది.

అత్తయ్య నేర్పినట్టే ముందు నా చేతి వెనక పక్క ఆనించాను. చల్లగా ఉంది. తర్వాత చెయ్యి తిప్పి, నా అరచేతిని ఆ గీతల మీద పెట్టి, బయట నుంచి పిలిచేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.