బండ అన్న చోట మంచు

జమ్మలమడుగు ఇమ్మానుయేలు బోర్లకు పాయింట్లు చూస్తాడు. నేలలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి, మీటరులో అంకె చూసి లోపలేముందో చెప్పేస్తాడు. అంకె పెద్దదైతే బండ, చిన్నదైతే చెమ్మ. పులివెందుల రైతు దగ్గర నాన్చితే కుదరదు. మీటరు ఆపకముందే "ఏముందప్పా?" అంటూ మీద నిలబడతాడు. ఇరవై ఏళ్లుగా అక్కడికక్కడే చెప్పీ చెప్పీ, ఈ మనిషికి నోరు ఆపుకోవడం చేతకాకుండా పోయింది.

ఆ నోటితోనే లడఖ్ పోయాడు. కొండల్లో నేలకింద ఏళ్ల తరబడి కరగని మంచు ఎక్కడెక్కడుందో పటం గీసే పనికి భార్గవి పిలిపించింది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివిన పులివెందుల అమ్మాయి, ఇప్పుడు సైంటిస్టు. అంకెలు తీయడం ఇతని పని, అర్థం చెప్పడం ఆమె పని.

ఒక వాలులో మీటరు తొమ్మిది వేలు దాటింది. ఆడపిల్లల హాస్టలు ఇక్కడే కట్టబోతున్నాం, కింద ఏముందని అక్కడి ఊరిపెద్ద అడిగాడు. భార్గవి వచ్చేదాకా ఆగితే కదా! ప్రొద్దుటూరులో నేర్చిన ఉర్దూలో, గట్టి బండ, నిశ్చింతగా కట్టుకోండి అనేశాడు.

వారం తర్వాత ఆమె పటంలో అదే వాలుకు మంచు రంగు వేస్తుంటే చూశాడు. మంచు కూడా బండలాగే కరెంటును పోనివ్వదట. అక్కడున్నది మంచేనని నేలలోపలికి చూసే రాడారు కూడా తేల్చిందట. పైన ఇల్లు కడితే ఆ వేడికి అది కరిగి గోడలు కుంగుతాయట. ఇరవై ఏళ్ల పేరు పోతుందని ఇమ్మానుయేలు ఒక్క నిమిషం దాచుదామనుకున్నాడు.

"తప్పు చెప్పినామ్మా," అన్నాడు చివరికి. "ఆడ బండ ఉందని ఊరిపెద్దకు చెప్పేసినా."

ఇద్దరూ జీపులో పోయేసరికి పునాది గుంటలు తవ్వేసి ఉన్నాయి. కాంక్రీటు మాత్రం ఇంకా కలపలేదు. కింద మంచుందంటే ఊరిపెద్ద ఒప్పుకోలేదు. బండ అన్నది మీరే కదా అన్నాడు. ఇమ్మానుయేలు గడ్డపార పట్టుకుని గుంటలోకి దిగాడు. ఇంకో రెండడుగులు తవ్వగానే మట్టి కింద తెల్లటి మంచు బయటపడింది. అది చూసి ఊరిపెద్ద పని ఆపించాడు. హాస్టలు వాగవతలికి, కంటికి కనబడే బండ మీదికి మార్చేశారు.

ఇమ్మానుయేలుకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. వెంటనే భార్య రాహేలుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి, పేరు పోయిందిలే అన్నాడు.

"పోతే పోనీ," అందామె. "ఆ పిల్లోళ్లు నిమ్మళంగా పండుకుంటారు గదా."