నాలుగో దెబ్బ

మనిషికి ముప్పై నాలుగేళ్లు నిండాయి. ఇద్దరు పిల్లల తల్లి. భుజాన నాలుగు కిలోల సుత్తి. అయినా ఊరంతా ఆమెను ఇప్పటికీ గేటమ్మాయి అనే పిలుస్తుంది. పుట్టింది రైల్వే గేటు పక్కన ఒంటిగది ఇంట్లో, తండ్రి గేటు కాపలాదారు. ఉయ్యాలలో జోలపాటల కన్నా గూడ్సు బండి మోతే ఎక్కువ విని ఉంటుంది. అందుకేనేమో చుట్టూ సద్దుమణిగితే ఆమెకు నిద్ర పట్టదు. కట్టుకున్న దర్జీ గట్టిగా గురక పెడతాడు కాబట్టి కాపురం సాఫీగా సాగిపోతోంది.

ఇంతకీ చెప్పవలసింది ఆ శుక్రవారం సంగతి. ఆ లైనులో పదిహేడేళ్లుగా బండి గంటకు ముప్పై కిలోమీటర్లు దాటి వెళ్లకూడదు. దిగి పక్కన నడిచేవాడే ముందు చేరతాడని ఊరివాళ్లు ఎకసెక్కాలాడేవారు. తప్పు బండిది కాదు, ఇంజనుది కాదు, పాతబడి వదులైన పట్టాలది. ఆ లైనులో పట్టాల కింద వేసినవి చెక్క దిమ్మలు కావు, ఇనుప స్లీపర్లు. స్లీపరు పైన చెవుల్లా పైకి లేచిన కొక్కేలుంటాయి. ఆ చెవికీ పట్టా అడుగు అంచుకీ నడుమ, ఒక కొస లావుగా మరో కొస సన్నగా ఉండే ఇనుప ముక్కను దూర్చి సుత్తితో కొడతారు. దాన్నే కీ అంటారు. స్లీపరుకు నాలుగు కీలు, ఒక మనిషి వంతుకొచ్చే ఆరు కిలోమీటర్లకు ముప్పై ఆరు వేల కీలు. బండి వెళ్లిన ప్రతిసారీ ఆ అదురుకు కొన్ని వదులవుతాయి. వాటిని రోజూ నడిచి చూసుకుంటూ, వదులైన ప్రతిదాన్నీ బిగించుకుంటూ పోయే మనిషి కీమ్యాన్. ఆడమనిషి చేసినా ఉద్యోగం పేరు కీమ్యానే. కాగితాల్లో వాళ్లు ఇంకా మార్చలేదు, ఆమె అడగలేదు.

ఏడాదిపాటు లైనంతా బాగుచేశారు. పాడైన స్లీపర్లు మార్చారు, కంకర జల్లెడ పట్టారు. ఇక శుక్రవారం పదింటికి పరీక్ష బండి నూరు కిలోమీటర్ల వేగంతో పోతుంది. పట్టా కదలకపోతే పదిహేడేళ్ల శాపం వదిలినట్టే. దానితో పాటు గేటమ్మాయి సొంత సంగతీ తేలిపోవాలి. పన్నెండేళ్లు లైను కూలీల ముఠాలో కంకర తట్టలు మోసి, పరీక్ష రాసి నెగ్గి, మూడు నెలలుగా తాత్కాలిక కీమ్యాన్‌గా ఉంది. బండి బాగా పోతే ఇన్‌స్పెక్టరు సంతకంతో ఉద్యోగం ఖాయమవుతుంది. లేదంటే మళ్లీ తట్ట నెత్తికెత్తుకోవలసిందే.

ఆ వారమంతా ఆమె కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు. అత్తగారి సంగతి ఇంకా ఘోరం. ఆ పెద్దావిడ నోట్లో నువ్వుగింజ నానదు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లందరినీ వాకిట్లో ఆపి, శుక్రవారం బండి గాల్లో తేలిపోతుందనీ, దాన్ని నేల మీద నిలబెట్టేది తన కోడలేననీ చెప్పింది. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు అరగంటసేపు పట్టాల కథ విని, కొలతలు మరిచి వెళ్లిపోయారు. దర్జీ తలపట్టుకున్నాడు. అయినా అతనికీ లోపల సంబరంగానే ఉంది. పెళ్లాం వేసుకునే నారింజరంగు చొక్కాకి గుండీలన్నీ తీసి కొత్తవి కుట్టాడు. తన వంతుకి గుండీలు బిగించాననీ, పట్టాలు ఆమె చూసుకోవాలనీ అన్నాడట.

ఆమెకు పని నేర్పినవాడు మోకాళ్లు అరిగి ఈమధ్యనే సుత్తి దించిన పాత కీమ్యాన్. ఆమె బాబాయ్ అని పిలుస్తుంది. చుట్టరికమేమీ లేదు, కానీ ఉన్నవాళ్ల కన్నా ఎక్కువ. కీకి మూడే దెబ్బలని ఆయన సూత్రం. మొదటి దెబ్బ కూర్చోబెట్టడానికి, రెండోది పట్టించడానికి, మూడోది ఒట్టు వేయించుకోవడానికి. నాలుగో దెబ్బ కొట్టేవాడి పొగరు తప్ప ఇంకేమీ కాదనేవాడు. సరిగ్గా బిగిసిన కీ మీద సుత్తి పడితే ఖంగుమంటుంది. వదులుగా ఉంటే దబ్బుమంటుంది. మూడు నెలల్లో గేటమ్మాయి చెవులు ఎంత పదునెక్కాయంటే, ఇంట్లో చెంచా కింద పడినా ఏ చెంచాయో వంటగదిలోకి చూడకుండా చెప్పేది.

అలాంటి మనిషే గురువారం సాయంత్రం తప్పు చేసింది. నూరు కిలోమీటర్ల వేగంలో బండి బరువంతా బయటికి తోసేది పెద్ద వంపు దగ్గర. అక్కడ బయటి పట్టా కీలు తానే బిగిస్తానని ముఠాతో పంతం పట్టింది. కొడుతూ కొడుతూ ఉంటే మర్నాటి బండి కళ్లముందు కదలాడింది. మూడు దెబ్బలు సరిపోతాయా అన్న అనుమానం పురుగులా దొలిచింది. పోనీ, మంచికే కదా అని నాలుగోది వేసింది. ఒక్కసారి చెయ్యి అలవాటు పడ్డాక నలభై స్లీపర్లకూ అదే వరస. అరచెయ్యి బొబ్బలెక్కింది, ఆమె మాత్రం పెళ్లింట్లో పెద్దముత్తైదువలా తృప్తిగా ఇంటికెళ్లింది. అతి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు, కానీ సంబరంలో ఉన్నవాళ్లకు సామెతలు గుర్తుకు రావు.

శుక్రవారం తొమ్మిదింటికి చివరి తనిఖీకి బయల్దేరింది. వద్దన్నా వినకుండా బాబాయ్ కర్ర ఊనుకుంటూ వెంట వచ్చాడు. ఆకాశం తేటగా ఉంది. పట్టాలు తళతళలాడుతున్నాయి. అక్కడక్కడా కీలను తాకిస్తూ, ఖంగు ఖంగుమని వింటూ, చిన్నపిల్లలా నవ్వుకుంటూ పోయింది. పెద్ద వంపు మొదలైంది. మొదటి స్లీపరు పలికింది. రెండోదీ పలికింది. మూడోదాని గొంతు బొంగురుపోయింది.

మళ్లీ కొట్టింది. అదే బొంగురు. కీ వదులు కాలేదు, రాయిలా బిగిసి ఉంది. సంచిలోంచి కిరోసిన్ సీసా తీసి స్లీపరు చెవి మీద పోసి, గుడ్డతో తుడిచి, సుద్దముక్క నలిపి ఆ పొడి చల్లింది. చూస్తుండగానే తెల్లటి పొడి మీద చెవి మొదట్లో నల్లటి గీత ఒకటి ఊరింది. వెంట్రుకంత గీత. లోపలి పగులులో దాక్కున్న కిరోసిన్ బయటికొచ్చి తన జాడ తనే చెప్పుకుంది. పక్క స్లీపరు చూసింది, బాగుంది. ఆ పక్కది చూసింది, మళ్లీ గీత. నాలుగో దెబ్బ ఎక్కడికి పోయిందో అప్పుడు అర్థమైంది.

సంతకం ఎగిరిపోయింది, తట్ట నెత్తికెక్కింది, స్టేషన్లో వీధి జనాన్నంతా వెంటేసుకుని నిలబడ్డ అత్తగారి మొహం కనబడింది. ఇవన్నీ ఒక్క క్షణంలో. బాబాయ్ కర్ర మీద వంగి ఆ గీతను చూశాడు.

"ఈరోజుకి నిలుస్తుంది తల్లీ," అన్నాడు మెల్లిగా. "బండి పోనీ. సంతకం అవనీ. రేపు పొద్దున్నే మనిద్దరం మార్పించేద్దాం."

ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్లు నిజాయితీగా నడిచినవాడే. ఆమె మీద ప్రేమ కొద్దీ అన్నాడు. అందుకే ఆ మాట ఆమెకు తియ్యగా వినబడింది, అందుకే భయమూ వేసింది.

"రేపు కూడా ఇలాగే అనిపిస్తుంది బాబాయ్," అంది.

స్టేషన్‌కి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. అక్కడ అందరూ ప్లాట్‌ఫారం మీద బ్యాండు మేళం ముందు నిలబడి ఉన్నారు, ఫోన్ ఎవరికి కావాలి? టైము పది కావడానికి ఏడు నిమిషాలుంది. ఎర్రజెండా లాగి, సుత్తి అక్కడే పడేసి పరుగు లంకించుకుంది. కంకర మీద పరుగంటే మాటలు కాదు, అడుగు వేస్తే జారుతుంది, జారితే మోకాలు చీరుకుపోతుంది. రెండుసార్లు పడింది. కొత్త గుండీలు రెండు ఎటో ఎగిరిపోయాయి. వంపు దాటింది, కల్వర్టు దాటింది, తిన్నని లైనులోకి వచ్చింది. అప్పుడే పాదాల కింద పట్టా సన్నగా జుమ్మంది. బండి బయల్దేరింది.

పట్టాల నడుమ నిలబడి జెండా రెండు చేతులతో చాచింది. దూరంగా చుక్కలా కనబడ్డ ఇంజను చూస్తుండగానే పెద్దదవుతోంది. కూత పెట్టింది. ఆమె కదల్లేదు. ఊపిరి అందడం లేదు గాని చేతులు మాత్రం దించలేదు. బ్రేకులు కీచుమన్నాయి, చక్రాల దగ్గర నిప్పురవ్వలు లేచాయి, బండి ఆమెకు వంద అడుగుల దూరంలో ఆగింది. పక్కకు తప్పుకుని అక్కడే కూలబడింది.

ఇంజనులోంచి ఇన్‌స్పెక్టరు దిగాడు. మాటలు పొదుపుగా వాడే మనిషి, నవ్వు అయితే అసలు ఖర్చు పెట్టడు. ఆమె లేచి నిలబడి, పెద్ద వంపులో స్లీపరు చెవులు పగిలాయనీ, పగలగొట్టింది తనేననీ, మూడు దెబ్బల చోట నాలుగు కొట్టాననీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఆయన ఆమెను వెంటబెట్టుకుని వంపు దాకా నడిచాడు. మోకాళ్ల మీద కూర్చుని సుద్దపొడి మీది గీతలు చూశాడు.

"ఇది ఇవాళ విరిగేది కాదు. తెలుసా?" అన్నాడు.

"తెలుసండీ."

"ఆరు నెలలు పట్టేది. అప్పటికి ఎవరు కొట్టారో ఎవరికీ గుర్తుండేది కాదు."

"ఆరు నెలల తర్వాత వచ్చే బండిలోనూ మనుషులే ఉంటారు గదండీ," అంది.

ఆయన లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు. ముఠా మొత్తాన్ని పిలిపించమన్నాడు. పరీక్ష నాలుగింటికి వాయిదా పడింది.

ఆ తర్వాతి ఆరు గంటలు చూడవలసిన ముచ్చట. ఆమె కొట్టిన నలభై స్లీపర్లలో పదకొండింటికి పగుళ్లు తేలాయి. ట్రాలీ మీద కొత్త స్లీపర్లు వచ్చాయి. ఇరవై మంది హైసా అంటూ పాతవి లాగి కొత్తవి తోశారు. ఒకడు ఆమెను ఆటపట్టించబోయి, బాబాయ్ కర్ర ఎత్తడం చూసి నోరు మూసుకున్నాడు. బండి ఎందుకు ఆగిందో తెలియక స్టేషన్లో జనం నానా కథలూ అల్లారు. దర్జీ సైకిలు మీద నీళ్ల సీసాలు తెచ్చి, పెళ్లాం మోకాళ్లు చూసి, తన చేతిరుమాలు చింపి కట్టు కట్టాడు. నలభై స్లీపర్ల బయటి కీలూ మళ్లీ తనే కొడతానంది గేటమ్మాయి. ఎవరూ కాదనలేదు. మొదటి దెబ్బ, రెండో దెబ్బ, మూడో దెబ్బ. మూడో దెబ్బ దగ్గర సుత్తి ఆపడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసొచ్చింది. చెయ్యి ఇంకోటి కొట్టమని పోరుతూనే ఉంది. ఆమె దాని మాట వినలేదు. కిరోసిన్‌తో, సుద్దతో ప్రతి చెవీ చూసింది. ఒక్కదానికీ గీత లేదు.

నాలుగు కావస్తుండగా ఇన్‌స్పెక్టరు నూరుకు అనుమతి కాగితం రాసి డ్రైవరుకి ఇచ్చాడు. డ్రైవరు నెరిసిన మీసాల పెద్దమనిషి. పొద్దున ఎర్రజెండా చూసి బ్రేకు వేసినవాడు. కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఇంజను ఎక్కకుండా తిన్నగా గేటమ్మాయి దగ్గరికి వచ్చాడు. ముఠా అంతా చేతిలో పని ఆపి చూసింది.

"కాగితం అందిందమ్మా. కానీ కాగితం పట్టాల మీద నడవలేదు గదా, నడిచింది నువ్వు. ముప్పై అంటే ముప్పైకే పోతాను, నాకేం నామోషీ లేదు. నువ్వు చెప్పు. నూరుకి పొమ్మంటావా?"

ఆమె ఇన్‌స్పెక్టరు వైపు చూసింది. ఆయన ఎటో కొండల వైపు చూస్తున్నాడు. బాబాయ్ వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నాడు. ఇది ఇంకెవరూ చెప్పే జవాబు కాదని అర్థమైంది. పొద్దున్నుంచి మొదటిసారి ఆమెకు భయం వేయలేదు.

"వంపులో ప్రతి కీ చూశాను అన్నా," అంది. "నూరుకి పొండి."

డ్రైవరు తలూపి వెళ్లాడు. బండి స్టేషన్ దాకా వెనక్కి పోయి ఊపు తీసుకుంది. ఆమె వంపు దగ్గర పదడుగులు దూరంగా, ఎర్రజెండా చుట్టేసి, పచ్చజెండా విప్పి నిలబడింది. ముందు పట్టా జుమ్మంది. తర్వాత నేల అదిరింది. ఆ తర్వాత బండి వచ్చిందనడానికి లేదు, ఒక గాలి దెబ్బ వచ్చి మొహానికి తగిలింది, పెట్టెలు పెట్టెలుగా కనబడలేదు, ఒకటే రంగుగీత. దుమ్ము, కంకర నలుసులు, చెవులు గింగుర్లెత్తే మోత. ఆమె గొంతు చించుకుని ఏదో కేక వేసింది, ఏమన్నదో ఆమెకే వినబడలేదు. బండి వంపు తిరిగి మాయమయ్యే వేళకు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని స్థితిలో ఉంది. మరుక్షణం సుత్తి ఎత్తుకుని పట్టా దగ్గరికి పరుగెత్తింది. నలభై స్లీపర్లూ వరసగా తాకించింది. నలభైకి నలభై ఖంగుమన్నాయి. వెనక ముఠా అంతా బొంగురు గొంతులతో లెక్కపెట్టింది.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు ఆమె సర్వీసు పుస్తకం తెరిచి చాలాసేపు రాశాడు. పొద్దున్నుంచి ఎండలో నిలబడి అలిసిపోయిన జనం ముందు పుస్తకం ఆమె చేతికిచ్చి, టీ కొట్టు వైపు వెళ్లిపోయాడు. చదువురాని అత్తగారు ముందుకు తోసుకొచ్చి, ఏం రాశాడో పైకి చదవమంది. చుట్టూ వీధి జనమంతా ఉన్నారు.

గేటమ్మాయి గొంతు సవరించుకుని రెండు వరసలూ చదివింది. కీలు అవసరానికి మించి కొట్టి పదకొండు స్లీపర్లు పాడుచేసినందుకు మందలింపు. ఆ కింద, నేటి నుండి శాశ్వత కీమ్యాన్‌గా నియామకం.

జనం గుసగుసలాడుకున్నారు. మందలింపు సంగతి చదవకుండా దాటేయాల్సిందని దర్జీ గొణిగాడు. అత్తగారు అతణ్ని మోచేత్తో పక్కకు నెట్టింది.

"నువ్వు మళ్లీ చదువమ్మా," అంది కోడలితో. "మొదటి వరస నుంచి, గట్టిగా చదువు. వెనకవాళ్లకు వినబడలేదు."