ఏ గ్రూపు ముందని స్వామిని అడిగిన రోజు

ఈ సంగతి లోపల పెట్టుకుని తిరుగుతూ ఏళ్ళు గడిచాయి. రోజూ పొద్దున దీపం పెట్టి, కాళ్ళూ చేతులూ ఆడుతున్నందుకు, ఇంట్లో అందరమూ ఆ కరోనా దాటి బతికినందుకు స్వామికి దండం పెట్టుకుంటాను. పరీక్ష పాసైనందుకు మాత్రం ఇప్పటిదాకా పెట్టుకోలేదు. అక్కడికి రాగానే నోరు ఆగిపోతుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను. మీరు నన్నెరగరు, అదే ధైర్యం.

మాది సూరత్‌లో నవాగామ్, తెలంగాణ నుంచి వలసొచ్చిన నేతపనివాళ్ళ పేట. నేను బడికి పోలేదు. నాన్న కారఖానాలో మగ్గాల పని చేసొచ్చి ఇంట్లోనే చదువు చెప్పాడు. పదీ పన్నెండూ ఇంటి నుంచే కట్టి రాశాను. అన్నకు పెళ్ళయి వదిన వచ్చాక చదువుకు తోడు దొరికింది. ఇద్దరం కలిసి సీఏ మొదటి మెట్టు దాటాం. తర్వాతది సీఏ ఇంటర్. అందులో రెండు గ్రూపులు, గ్రూపుకు నాలుగు పేపర్లు. రెండూ ఒకేసారి రాయడం మావల్ల కాదు. ఏది ముందన్నది రాసేవాళ్ళ ఇష్టం.

ఇంతలో లాక్‌డౌన్ వచ్చింది. సూరత్ పక్కన పల్సానాలో అన్న పనిచేసే మిల్లు మూతపడింది. పరీక్షలు వాయిదా పడ్డాయి. పాఠాలు వినడానికి ఇంట్లో ఒకటే ఫోను, ఇద్దరికీ ఒకటే జత పుస్తకాలు. అందుకని ఒకే గ్రూపు కలిసి రాయాలనుకున్నాం. ఫీజులు మళ్ళీ మళ్ళీ కట్టలేనని అన్న ఒక షరతు పెట్టాడు. ఈసారి పాసైనవాళ్ళు ముందుకు చదవాలి, కానివాళ్ళు అక్కడితో ఆపాలి.

వదినకు ఒకటో గ్రూపు నోటికి వచ్చు. రొట్టెలు చేస్తూ చట్టాలు అప్పజెప్పేది. నాకు అందులో పన్నుల పేపరు ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు. కానీ వదిన జ్వరంతో పదిహేను రోజులు విడిగా గదిలో ఉన్నప్పుడు, ఫోను నా ఒక్కదాని చేతిలో ఉన్నప్పుడు, రెండో గ్రూపు పాఠాలు చాలావరకు వినేశాను. ఆమెకు చెప్పలేదు. మొదటి తప్పు అదేనేమో. అసలది తప్పే కాదేమో. ఇప్పటికీ తేల్చుకోలేను.

ఎటూ తేలనప్పుడు మా ఇంట్లో మార్కండేయస్వామి పటం ముందు చిట్టీలు వేస్తారు. పెళ్ళి సంబంధానికైనా, ఇల్లు మారడానికైనా. ఏది వస్తే అది స్వామి మాట. పరీక్ష ఫారం గడువు దగ్గరపడిన ఒక గురువారం స్నానాలు చేసి కూర్చున్నాం. రాసింది నేను. రెండు చిట్టీల మీదా ‘రెండో గ్రూపు’ అనే రాశాను.

ముందే అనుకుని చేశానా? లేదని చెప్పుకోవాలని ఉంది. కానీ మొదటిది మడిచి, రెండోది రాయబోతూ కాసేపు ఆగాను. వదిన పాసై నేను పోతే ఏమిటి, బడి మొహం చూడని నన్ను బయటివాళ్ళు తూచి చూసే ఒక్క అవకాశం కూడా పోతుంది కదా అని భయపడ్డాను. ఆ ఆగినంతసేపూ ఏం చేయబోతున్నానో నాకు తెలుసు.

“ఏందే పంతులమ్మా, చేతులు గట్ల వణుకుతున్నయ్? చిట్టీ రాసేటందుకే గిట్లైతే రేపు పరీక్షల ఏం రాస్తవ్?” అంది వదిన.

“చలి వదినా.”

“సూరత్‌ల చలా? మంచిగున్నది. సరే, నువ్వే తియ్యి.”

“నువ్వు తియ్యి వదినా. నీ చెయ్యి మంచిది.”

తీసింది. చదివి చిట్టీని మళ్ళీ మడిచింది. “నాకు ఒకటోది వస్తదనుకున్న. ఏం జేస్తం, స్వామి చెప్పినంక ఇంకేమున్నది,” అంటూ ఊరికే రెండో చిట్టీ మీదికి చెయ్యి చాపింది.

“తెరవద్దు వదినా, దోషం,” అన్నాను.

అలాంటి నియమం ఎక్కడా లేదు. అప్పటికప్పుడు నేను పుట్టించాను. చిట్టీని చెంబు నీళ్ళలో వేసి తులసి మొదట్లో పోశాను. వదిన దానికి కూడా దండం పెట్టుకుంది.

ఆ తర్వాత నిజం చెప్పడానికి ఎన్నో రోజులున్నాయి. వదిన రెండో గ్రూపు మొదటి నుంచి మొదలుపెట్టి, ఆడిట్ అర్థం కాక నన్నే అడిగేది. నేను ఓపికగా చెప్పేదాన్ని. అంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మధ్యలో ఒకసారి, కావాలంటే గ్రూపు మార్చుకోవచ్చని ప్రకటన వచ్చింది. చదివి ఫోను బోర్లించి పెట్టాను.

పరీక్షలయ్యి ఫలితాలు వచ్చాయి, నేను గట్టెక్కాను. వదిన ఒక్క పేపరులో పోయింది. ఒక్కటి పోతే గ్రూపంతా పోయినట్టే. అన్న మాట మార్చలేదు. వదినకు ఇంకో అవకాశం ఇవ్వమని అడిగానా? ఒకసారి అడిగాను, మెల్లగా. గట్టిగా అడిగితే నీకెందుకంత అని ఆరా తీస్తాడని భయం.

ఒకటో గ్రూపు పుస్తకాల అంచుల్లో వదిన పెన్సిలు రాతలున్నాయి. వాటి సాయంతోనే మరుసటిసారి ఆ గ్రూపు కూడా పాసయ్యాను. పన్నులు నాకు ఎక్కింది ఆమె రాతలతోనే.

ఇప్పుడు నేను ఆఫీసుకు పోతున్నాను. వదిన ఇంట్లో చీరలకు లేసు కుడుతుంది. ఒకటో గ్రూపు రాసినా ఆమె తప్పేదేమో అని చాలాసార్లు అనుకున్నాను. అలా అనుకుంటే కాస్త హాయిగా ఉంటుంది, ఆ హాయిని చూసి నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఎవరైనా మళ్ళీ రాయరాదా అంటే వదిన నవ్వేస్తుంది. “స్వామి చూపిన దారిల పోయినా కాలేదంటే, నాకు చదువు రాసిపెట్టి లేదన్నట్టే,” అంటుంది. ఆమెకు స్వామి మీద కోపం లేదు. తన మీద తనకున్న నమ్మకమే పోయింది.

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెప్తానో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇచ్చేది కాదు. ఒక్క మాట నా చేత్తో రాసి చూసుకోవాలనిపించింది, అంతే. ఆ దారి వదినకు స్వామి చూపలేదు. నేను చూపాను.

రాశాను. ఇప్పుడిది నా ఒక్కదానికే తెలిసిన సంగతి కాదు.