తోక తెగిన పేరు

"ఎవర్నడిగి పెట్టావు ఆ పేరు?"

"పేరుకి ఎవర్నడగాలి ఆంటీ? నచ్చింది, పెట్టుకుంటున్నాం."

"నచ్చిందని పక్కింటి చెట్టుకాయ కోసుకుంటావా? మీ నెబ్రాస్కాలో పేర్లు అయిపోయాయా?"

పాత ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగిస్తున్న కైమికి కంచె దగ్గర రెండు జతల కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఇవతల హేలానీ రబ్బరు చెప్పులు. అవతల పక్కింటి లారెల్ వాచిన పాదాలు. లారెల్‌కి ఎనిమిదో నెల. వాళ్ళమ్మ కుట్టి పంపిన పసిబిడ్డ దుప్పటి ఉతికి తీగ మీద ఆరేసింది. దాని మూల నీలం దారంతో కౌవనోయె అని ఉంది. గొడవంతా దాని గురించే.

కైమి బయటికి రాలేదు. హేలానీ అతని అమ్మమ్మకి చెల్లెలు. ఊరందరికీ ఆంటీ, అతనికి మాత్రం అమ్మమ్మ కిందే లెక్క, టూటూ అని పిలుస్తాడు. ఆవిడ నోరు తెరిచాక మధ్యలో దూరినవాడికే మొదట తగులుతుంది. హీలో పట్నంలో కాలేజీ మానేసి వచ్చిననాడే అతనికి ఆ సంగతి తెలిసింది. కైమి అంటే వెతికేవాడని అర్థం. "పేరు పెట్టింది నేనే. ఏం వెతకాలో కూడా అప్పుడే చెప్పి ఉండాల్సింది," అని ఒక్క మాటతో సరిపెట్టిందావిడ.

లారెల్ ఏడుస్తూ లోపలికి పోయింది. హేలానీ కూడా ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. పట్టపగలు ఆవిడ తలుపు వేసుకోవడం కైమి ఎన్నడూ చూడలేదు.

ఆ దీవిలో వాళ్ళ ఊరు పాహాలా చుట్టూ చెరకు తోటలు ఉన్నప్పటి మనిషి హేలానీ. తోటలు మూతపడ్డాయి, మొగుడు పోయాడు, ఆవిడ బడి వంటింట్లో అన్నాలు వండుతూ ముసలిదైంది. ఎవరికైనా నెల తప్పిందంటే చాలు, ఆవిడ వరండాకి వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళని ఆవిడ అడిగేది ఒకటే, నిద్రలో ఏమైనా వినపడిందా అని. వినపడితే అది రాత్రి పేరు, పోయిన పెద్దలు పంపింది. పెట్టి తీరాలి. కాదని ఇంకోటి పెడితే బిడ్డ నిలవదు. ఏమీ వినపడకపోతే ఇంటి పెద్దల్లో ఒకరి పేరు, అదీ అడిగి పెట్టాలి. పేరు ఖాళీ ఇల్లు కాదని, అందులో ఎవరో ఉంటూనే ఉంటారని ఆవిడ నమ్మకం. వచ్చినవాళ్ళు చామదుంప ముద్దో, ఎండుచేపో వరండాలో పెట్టి పోయేవాళ్ళు.

కైమికి ఇవేవీ పట్టవు. హొనొలులు కొట్లలో తాళంచెవుల గొలుసుల మీద అచ్చేసి అమ్మే పేర్లకి ఇంత రాద్ధాంతం దేనికనుకున్నాడు. మర్నాడు ఓ సంచెడు మకడేమియా గింజలు పట్టుకుని, ముసలావిడ మాటలు పట్టించుకోవద్దని చెప్పడానికి పక్కింటికి వెళ్ళాడు.

అది తోట కూలీల కోసం కట్టిన రేకుల ఇల్లు. లారెల్ మెట్ల మీద కూర్చుని ఉంది. అతను చెప్పాల్సింది చెప్పకముందే ఆమె అందుకుంది.

"నేను ఎంచుకోలేదు కైమీ. నాకు వినిపించింది."

మధ్యాహ్నాలు వెనక గదిలో పడుకుంటుందట. పెరట్లోంచి ఎవరో ఆడమనిషి, అన్నం వేళకి పిల్లని కేకేసినట్టు, ఆ పేరు పెట్టి పిలుస్తుందట. లేచి వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. మొగుడు డీన్‌తో చెబితే అతను కంప్యూటర్లో వెతికాడు. కౌవనోయె అంటే మంచుతెరలా పడే వాన అని ఉంది. ఇద్దరికీ నచ్చింది.

"చివర ఇంకో ముక్క కూడా ఉండేది, కలి అని," అంది లారెల్. "దాంతో కలిపి వెతికితే ఎక్కడా దొరకలేదు. బారెడు పేరు, బళ్ళో ఏడిపిస్తారని డీన్ తీసేశాడు."

దీవి భాషలో కలి అంటే ఎదురుచూడటం. కైమికి తెలుసు, కానీ చెప్పబుద్ధి కాలేదు.

లారెల్ లేస్తూ, ఆ పేరు వదిలేస్తున్నామని ఆంటీతో చెప్పమంది. క్లేర్ అని పెట్టుకుంటారట, ఆమెకి గొడవలు వద్దట.

శుభవార్తే కదా అని కైమి వచ్చి చెప్పాడు. హేలానీ చామదుంపలు చెక్కు తీస్తోంది. అంతా విని, ఆ పిల్ల ఏ గదిలో పడుకుంటుందని అడిగింది. వెనక గది అన్నాడు. ఆవిడ కత్తి పక్కన పెట్టి, పంపు కింద చాలాసేపు చేతులు కడుక్కుంది.

తర్వాత చెప్పింది. పెళ్ళయి ఆవిడ కాపురానికి వచ్చింది ఆ ఇంటికే. కడుపుతో పడుకున్నది ఆ గదిలోనే. ఎప్పుడో పోయిన ఆవిడ నాయనమ్మ కలలో పెరట్లో నిలబడి పిలిచింది. అదే పేరు, చివరి ముక్కతో సహా. అత్తగారు చర్చి మనిషి, కలలో వచ్చిన పేర్లు తన గడప తొక్కడానికి వీల్లేదంది. బిడ్డకి డోరతీ అని నీళ్ళు చల్లించారు. హేలానీ అప్పుడు సరేనని తల ఊపింది. కొన్నాళ్ళకి బిడ్డ పాలు మానేసింది. డాక్టరుకి ఏ జబ్బూ కనపడలేదు. మొదటి పుట్టినరోజు విందుకని మేపుతున్న పంది అలాగే ఉంది, బిడ్డ పోయింది.

"ఆ పేరు నేను పైకి అనలేదురా. మా ఆయనకి చెప్పలేదు, మీ అమ్మమ్మకి చెప్పలేదు. దానికెలా తెలిసింది?"

ఆ ఇంట్లో ఉన్నప్పుడు నిద్రలో పలవరించావేమో అనబోయాడు కైమి. పలవరించినా అప్పటికి లారెల్ పుట్టనే లేదు.

"ఆ పిల్లకి మన రక్తం లేదుగా టూటూ."

"నాకుందిగా. ఏం చేశాను?"

అయితే ఇప్పుడే వెళ్ళి, మొత్తం పేరు పెట్టుకోమని చెప్పమన్నాడు. ఆవిడ కదల్లేదు. ఇస్తే తన బిడ్డకి మిగిలిన ఆ పేరు కూడా పరాయివాళ్ళ పాలవుతుందంది. ఇవ్వకపోతే ఏమవుతుందో మాత్రం పైకి అనలేదు.

ఆ తర్వాత ఆవిడ కంచె వైపే వెళ్ళలేదు. కైమి మాత్రం మధ్యాహ్నాలు ట్రక్కు పని ఆపి ఆ పెరటి వైపు చెవి పెట్టడం మొదలుపెట్టాడు. ఏమీ వినపడేది కాదు. వినపడనందుకు హాయిగా ఉండాల్సింది పోయి, తనని పిలవట్లేదు కాబట్టే వినపడట్లేదేమో అనిపించేది. ఆ ఆలోచన వచ్చినందుకు తనని తానే తిట్టుకునేవాడు.

లారెల్‌కి ఆడపిల్ల పుట్టింది. క్లేర్ అనే పెట్టారు. ఇంటికి తెచ్చిన కొత్తలో ఏడుపు కంచె దాటి వినపడేది. తర్వాత తగ్గింది. ఆ తర్వాత ఆగిపోయింది. బిడ్డ పాలు తాగడం లేదని, హీలో డాక్టర్లు ఏ లోపమూ లేదంటున్నారని డీన్ కంచె పట్టుకుని చెప్పాడు. అతని కళ్ళు లోతుకి పోయాయి. హేలానీ కిటికీ వెనక నిలబడి ప్రతి మాటా విన్నది.

ఆ సాయంత్రం కొండ మీంచి మంచులాంటి వాన దిగింది. హేలానీ చర్చికి వేసుకునే పొడుగు గౌను తొడుక్కుని, తోడు రమ్మని కైమిని పిలిచింది. లారెల్ బిడ్డని ఎత్తుకుని తలుపు తీసింది. పాత గొడవ ఆమె ముఖంలో లేదు, దానికి ఓపిక కూడా లేదు. లోపలికి రమ్మంది. హేలానీ మెట్ల దగ్గరే ఆగి, లోపల వెనక గది తలుపు వైపు చూసి, ఒక మెట్టు దిగింది.

"దీని పేరు తెచ్చానమ్మా," అంది. "నువ్వు విన్నది, మొత్తం. నా కూతురిది. తీసుకుంటావా?"

ఆ మాటకి లారెల్ బిడ్డని గట్టిగా పొదువుకుంది. తర్వాత తల ఊపి, మెట్లు దిగి వచ్చి బిడ్డ ముఖం మీంచి గుడ్డ తీసింది. బిడ్డ కళ్ళు మూసుకునే ఉంది.

హేలానీ వంగింది. పేరు అనకుండానే మళ్ళీ లేచింది. వాన చీకట్లో ఖాళీగా ఉన్న పెరటి వైపు ఓసారి చూసి, కైమి చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"నువ్వు పిలువురా. నేను పిలిస్తే ఏ బిడ్డ పలుకుతుందో నాకు తెలీదు. నువ్వు పిలువు, చివరిదాకా పిలువు."