రేపల్లె గంట అలక

మా అన్నయ్య శాలేమురాజు లెక్కలో లోకంలో చెడిపోయిన వస్తువంటూ ఏదీ లేదు. అలిగినవి ఉన్నాయి, అంతే. తెనాలిలో వాళ్లింట్లో మిక్సీ అలిగేది, ఫ్యాను అలిగేది. స్కూటరైతే వారానికి రెండుసార్లు అలిగి కాలవగట్టు మీద నిలబడిపోయేది. వాటిని బాగుచేస్తానని ఏనాడూ అనలేదు. "బతిమాలతాను" అనేవాడు.

"నేనలిగితే ఇందులో పదోవంతు బతిమాలరు," అనేది హెలెన్ వదిన.

"నువ్వెందుకు అలిగావో నువ్వే గంటసేపు చెప్తావుగా. పాపం, ఫ్యానుకి నోరు లేదు."

బాపట్లలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసిన ముప్పై ఏళ్లూ, అక్కడ పారేయమన్న సామానంతా టిఫిన్ క్యారేజీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఒకసారి వదిన గిన్నెలు కడగబోతే పెరుగన్నం గిన్నెలోంచి మోటారు బయటపడింది.

అలా వచ్చిందే అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు. పన్నెండేళ్ల కిందట దాన్ని రేపల్లెలో మా చర్చి గంటకు అమర్చాడు. బటన్ నొక్కితే బోర్డు మోటారుని తిప్పుతుంది, సుత్తి గంట మీద పడుతుంది. నొక్కేది ఆదాము బాబాయి. నలభై ఏళ్లు గంట తాడు లాగి, భుజం పోగొట్టుకుని, చెవులు కూడా సగం పోగొట్టుకున్న మనిషి. ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మొదటి గంటకి అరగంట ముందే వచ్చి బటన్ పక్కన నిలబడేవాడు.

పోయినేడు మోటారు కాలిపోయింది. కొత్తది వేస్తే దుడుకెక్కువై, సుత్తి ఒక దెబ్బకి బదులు రెండు కొట్టసాగింది. బోర్డులో ప్రోగ్రామ్ తెరిచి ఒక అంకె మార్చాలి.

"ఆదివారానికి కాకపోతే దానంతటదే మోగే మిషను తెప్పిస్తామండి. ఎవరూ నొక్కక్కర్లేదు," అన్నారు సంఘ కార్యదర్శి రాజ్ కుమార్ గారు.

ఆదాము బాబాయి జేబురుమాలు తీసి బటన్ మీద దుమ్ము తుడిచాడు.

శనివారం పొద్దున్నే అన్నయ్యతో నేనూ రేపల్లె రైలెక్కాను. లాప్‌టాప్ కొత్తది, అందులో సాఫ్ట్‌వేరూ కొత్తదే. కేబుల్ పెడితే అసలు బోర్డు ఉన్నట్టే దానికి తెలియలేదు.

"అలిగింది," అన్నాడు అన్నయ్య తృప్తిగా.

ఇద్దరికీ పరిచయం చేసే డ్రైవరేదో ఎక్కించాడు. ఈసారి బోర్డు కనిపించింది. కానీ ప్రోగ్రామ్ పంపితే, బోర్డు బదులివ్వడం లేదంటూ తెర మీద ఎర్ర అక్షరాలు. మళ్లీ పంపాడు. మళ్లీ ఎరుపే. పది సార్లు.

"కొత్త బోర్డు పెడితే పోలా?" అన్నారు రాజ్ కుమార్ గారు.

"ఇది వింటదండీ! నెమ్మదిగా అనండి."

మధ్యాహ్నం దాటింది. ఆదాము బాబాయి మూడోసారి టీ తెచ్చాడు. అన్నయ్య తల ఎత్తకుండానే బోర్డూ, తెరా, ఎరుపూ అంటూ ఏదో గడగడా చెప్పేశాడు.

"ఏంటి రాజూ? అంత గబగబా చెప్తే నాకెట్టా అందుద్ది? నిదానంగా చెప్పు."

"నిదానంగా," అంటూ అన్నయ్య టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. తర్వాత మెనూలన్నీ వెతికి, ఒక మూల 'పాత బూట్‌లోడర్' అనే, పాత బోర్డులతో మాట్లాడే పద్ధతిని పట్టుకున్నాడు.

"కొత్త సాఫ్ట్‌వేర్ గబగబా మాట్లాడుతోందమ్మాయ్. ఈ ముసలి బోర్డు అందులో సగం వేగమే వినగలదు. దీని తప్పేం లేదు."

దాన్ని ఎంచుకుని పంపాడు. బోర్డు మీద దీపాలు గబగబా మిణుకుమన్నాయి. బాబాయి బటన్ నొక్కాడు. ఠంగ్! ఒకే ఒక్క దెబ్బ.

రాజ్ కుమార్ గారు ఊరుకోలేదు. "అయితే దీన్నే దానంతటదే మోగేట్టు చెయ్యొచ్చుగా?"

"అబ్బే, పాతది కదండీ," అన్నాడు అన్నయ్య ముఖం గంభీరంగా పెట్టి. "బాబాయి వేలు పడితేనే పలుకుద్ది. వేరేవాళ్లు నొక్కితే అలిగిద్ది."

కార్యదర్శి గారు నమ్మారు. నేనూ నమ్మాను.

అన్నయ్య పోయి ఏడు నెలలైంది. లాప్‌టాప్ వదిన నాకిచ్చింది. ఒకరోజు ఆ ప్రోగ్రామ్ తెరిచి చూశాను. అంతా అంకెలూ బ్రాకెట్లూ. మధ్యలో తెలుగులో రాసుకున్న ఒక్క వరస మాత్రం నాకర్థమైంది: "గడియారం చూసి తనంతట తనే మోగే ఏర్పాటు. పరీక్షించాను, బాగా పనిచేస్తుంది. ఆదాము బాబాయి ఉన్నన్నాళ్లూ ఆపి ఉంచాలి."

పోయిన ఆదివారం గుమ్మంలో రాజ్ కుమార్ గారు నన్ను ఆపారు. "అమ్మా, మీ అన్నయ్య ఉంటే ఆయన్నే అడిగేవాణ్ణి. బాబాయి పెద్దవాడైపోయాడు. ఆ బోర్డుకి దానంతటదే మోగడం ఎవరితోనైనా నేర్పిద్దామా?"

ఆయన భుజం మీదుగా చూశాను. ఇస్త్రీ చొక్కాలో ఆదాము బాబాయి, చేతి గడియారం మీద చూపు, బటన్ మీద వేలు.

"వద్దండి," అన్నాను. "అలిగిద్ది."