నల్లపెట్టకు నత్తగుల్లల పొడి

మొన్న జగదల్‌పూర్ అంగడిలో కోళ్ల దాణాలో కలిపే పొడి సంచీ చూశాను. గుడ్డు పెంకును గట్టిపరిచే సహజ పదార్థాన్ని తామే కొత్తగా కనిపెట్టినట్లు దానిపై అచ్చువేశారు. నాకు ఒళ్లు మండింది. అంగడివాడు సంచీ విప్పగానే మాత్రం వేగిన నత్తగుల్లల వాసన వచ్చింది.

బస్తర్ రాజుల కాలంలో, భోపాల్‌పట్నంలో, నా ఏడో ఏట, మా నల్లపెట్ట పెంకులేని తోలుగుడ్లు పెట్టసాగింది.

"ఇగ ఇది కూరకే," అంది నాయనమ్మ.

నేను ఏడుస్తుంటే, ఇప్పపువ్వు అమ్మవచ్చిన దోర్ల తెగ ముసలమ్మ గంగి అడ్డుపడింది.

"కోసుడెందుకక్కా? నత్తగుల్లలు వేంచి, దంచి, తవుడుల కలిపి పెట్టు."

గుల్లలన్నీ నేనే ఏరుకొచ్చాను. అవే గుడ్డుకు పెంకులా అతుక్కుంటాయని నమ్మి, రోజుకొక బొగ్గుగీత గోడపై గీశాను. తొమ్మిదో గీత నాడు గట్టి గుడ్డు వచ్చింది. దాన్ని తిప్పి చూసి మళ్లీ ఏడుపందుకున్నాను.

"ఇప్పుడేంది బిడ్డా?"

"దీనికి నత్త సుడుల్లేవు. ఇది మన పెట్టది కాదు."

నాయనమ్మ నవ్వి, పెట్టను కోయడానికి తీసిపెట్టిన కత్తిని తిరిగి చూరులో దోపింది. గుడ్డును గంగికి పంపింది.

అంగడి నుంచి ఇంటికొచ్చి, నాటు వైద్యాలు రాసుకునే నా పుస్తకంలో ఆ పొడి ఎదుట గంగి పేరు రాశాను. గుడ్డు చేతికొస్తే ఇప్పటికీ సుడుల కోసం ఒకసారి తిప్పి చూస్తాను.