అమ్మవారి చేతి వత్తులు

నా ఒంటిమీద అమ్మవారు దిగిందని తెలిసిన రోజు మా వీధిలో అందరూ ఒకే మాట అన్నారట: "పాపం, ఆ తల్లికి బళ్ళారిలో ఇంకో ముఖం దొరకలేదా?" అందులో అన్యాయమేమీ లేదు. అద్దంలో చూసుకుంటే నాకూ అదే అనిపించింది. అసలే దేవుడు తొందరలో చేసి పారేసిన ముఖం. దానిమీద లేచిన పొక్కులే కాస్త గుండ్రంగా, శ్రద్ధగా చేసినట్టు కనిపించాయి.

వచ్చింది చిన్నమ్మవారే, పెద్దమ్మవారు కాదు. మర్యాదల్లో మాత్రం చిన్నా పెద్దా తేడా లేదు. గుమ్మానికి వేపమండలు కట్టారు. వంటింట్లో తిరగవాత బందు. నన్ను వెనక గదిలో చాపమీద పడుకోబెట్టి తలుపు దగ్గరికి వేశారు. ఆ గదికి సందులోకి ఒక కిటికీ ఉండేది. ఒక మూల పత్తి మూట, దాని పక్కన మా అవ్వ. అవ్వంటే మా నాయన తల్లి. ఆమెకు చిన్నప్పుడే అమ్మవారు వచ్చిపోయింది కాబట్టి నా దగ్గర ఉండడానికి ఇంట్లో ఆమె ఒక్కతే పనికొచ్చింది.

ఇంట్లో కూర్చోవడం మా ఊరివాళ్లకు కొత్త కాదు. కూర్చున్న చోటు నుంచి కదలకుండానే మద్రాసు రాష్ట్రం వదిలి మైసూరు రాష్ట్రానికి చేరుకున్న ఘనులం. నా సంగతే వేరు. బజారులో మా బట్టల అంగడి ముందర నిలబడి, తన దారిన పోయే మనిషిని మాటలతో పట్టుకొచ్చి లోపల కూర్చోబెట్టడం నా ఉద్యోగం. ఎనిమిదో తరగతి దగ్గర చదువూ నేనూ ఒకరినొకరు క్షమించుకొని విడిపోయాం. అప్పటినుంచి నా నోరే నా సర్టిఫికెట్టు. అలాంటివాణ్ణి తీసుకుపోయి నాలుగు గోడలకు అప్పగించారు. గోడలు చీరలు కొనవు.

మొదట్లో ఒక సుఖం మాత్రం దొరికింది. అమ్మవారు ఉన్న ఒంటిని ఎవరూ తిట్టకూడదు. మామూలు రోజుల్లో "గాడిదా" అనకుండా నాతో మాట మొదలుపెట్టని మా నాయన, పొద్దున్నే గుమ్మం అవతల నిలబడి చేతులు జోడించేవాడు.

"చల్లగా చూడు తల్లీ."

"చూస్తాంలే. నువ్వు పోయి అంగడి తెరుచుకో నాయనా. నిన్నటి మాదిరి మధ్యాహ్నం గల్లా పెట్టె ముందర నిద్రపోవద్దు."

ఆయన పళ్లు కొరుక్కుంటూ ఇంకోసారి దండం పెట్టేవాడు. "నీళ్లు పోసుకున్నాక మాట్లాడుకుందాం తల్లీ, మనమిద్దరం."

ఆ సుఖం కూడా దురద ముందర నిలబడలేదు. గోకితే మచ్చలు పడతాయని అవ్వ వేపరెమ్మతో ఒళ్లు తడుముతూ ఉండేది. అది చాలక పత్తి మూట విప్పి ఇంత పత్తి నా ముందర పడేసింది. "గోకే చేతులకు పని కావాల తల్లీ. గింజలు తియ్యి."

ఆ పత్తి కథ మా ఇంట్లో నాకంటే పాతది. మా నాయన పసిబిడ్డగా ఉన్నప్పుడు జబ్బుచేసి చావు గడప దాకా పోయివచ్చాడట. బిడ్డ దక్కితే లక్షవత్తుల నోము నోచుకుంటానని అవ్వ మొక్కుకుంది. లక్ష వత్తులు తన చేత్తో చేసి, కార్తీకంలో శివుని ముందర వెలిగించాలి. బిడ్డ దక్కాడు. మీసం వచ్చింది, అంగడి వచ్చింది, పొట్ట వచ్చింది, చివరికి నేను కూడా వచ్చాను. వత్తులు మాత్రం పూర్తి కాలేదు. పురుళ్లూ మైలలూ, ఇంటెడు చాకిరీ, ఎప్పటికప్పుడు ఏదో ఒకటి అడ్డం. ఇప్పుడు తీరిక దొరికిందంటే, వాతం వచ్చి వేళ్లు వంకరపోయాయి.

"వచ్చే కార్తీకానికి ఎలిగించకపోతే ఆపైన ఈ చేతి ఏళ్లు ముద్ద కలుపుకోడానికి కూడా రావు. మొక్కు నెత్తిన పెట్టుకొని నేను యాడికి పోయేది?" అని మా అమ్మతో అంటూనే ఉండేది. అందుకే తెల్లవారకముందే నీళ్లు పోసుకొని, మడిబట్ట కట్టుకొని, నాకు కాపలా ఉంటూనే మూలన కూర్చుని వత్తులు చేసేది. ఆ గదిలో మడి ఎట్లా నిలుస్తుందని మా అమ్మ అడిగితే, "అమ్మవారు కూర్చున్న గది కంటే మడి గది ఇంకా యాడుండాది?" అంది.

రూపనగుడి నల్లరేగడిలో పండిన ఆ పత్తితో నేను మొదట చేసింది వత్తులు కాదు, మా బజారు. మా నాయన మీసం, గుమాస్తా పిలక, ఎదురంగడి సేటు పొట్ట, అన్నీ పత్తితో చేసి, కళ్లకు పత్తిగింజలు పెట్టి కిటికీ గట్టుమీద వరసగా నిలబెట్టాను. అవ్వ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నీ నాయన ముక్కు ఇంకా లావు తల్లీ" అని సలహా కూడా ఇచ్చింది.

బొమ్మల పని అయ్యాక వత్తి మీద చెయ్యి పెట్టాను. దూదిని చిటికెడు తీసి, వేళ్లకు విభూతి అద్దుకొని, రెండు అరచేతుల మధ్య ఒక్కసారే ముందుకు తోయాలి. చూడడానికి ఏమీ లేదు. అవ్వ నా మొదటి వత్తిని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"ఏంది తల్లీ ఇది?"

"వత్తి."

"పిల్లి మింగి కక్కిన ఎలుక తోక మాదిరి ఉండాది. వంటింటి దీపానికి పోనీలే."

నాకు రోషం వచ్చింది. దేవతను పట్టుకొని ఇంత మాటా? మళ్లీ చేశాను. దూది ఎక్కువైతే నడుము లావు, తక్కువైతే తెగుతుంది. చేతులకు చెమట పడితే ఉండ కట్టుకుంటుంది. ఎండ కిటికీలో నుంచి చాపమీదికి వచ్చి, చాప దాటి గోడ ఎక్కేసరికి వత్తి మాట వినడం మొదలుపెట్టింది. సందులో తోపుడుబండి పోతే చక్రం శబ్దం చివరిదాకా వినేవాణ్ణి. అంతకుముందు ఏ శబ్దాన్నీ చివరిదాకా వినిన పాపాన పోలేదు, మధ్యలో నేను మాట్లాడేవాణ్ణి కాబట్టి. దురద ఎప్పుడు మరిచిపోయానో తెలియదు. నా నోరు ఎప్పుడు మూతపడిందో అసలే తెలియదు. అవ్వే కంగారుపడి లేచివచ్చి, జ్వరం తలకెక్కిందేమోనని నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది.

కొన్నాళ్లకు నా వత్తులు సన్నగా, గట్టిగా, ఒకే పొడవున రాసాగాయి. అవ్వవి మాత్రం ఆమె వేళ్లలోనే విడిపోతున్నాయి. ఒకరోజు ఆమె నా వత్తుల్లో ఒకటి తీసుకొని, తన బుట్టలోని వత్తి పక్కన పెట్టి చాలాసేపు చూసింది. దాన్ని బుట్టలో వేసింది. మళ్లీ తీసి నా ముందరే పెట్టేసింది.

"పెట్టుకో అవ్వా. నాకెందుకివి?"

"మొక్కు నాది కదప్పా" అంది. ఆ ఒక్కసారి తల్లీ అనడం మరిచిపోయింది.

ఆమె చేతుల వంక నేను సరిగా చూసింది ఆ రోజే. కార్తీకం దాకా కాదు, ఇంకో పది కార్తీకాల దాకా చేసినా ఆ చేతులతో అయ్యే పని కాదది. నేను చేస్తానని పట్టుబట్టాను. గుమ్మం అవతల అంబలి గిన్నె పెట్టడానికి వచ్చిన మా అమ్మ వినింది.

"స్నానం లేదు, గడ్డం తియ్యలేదు, ఒంటినిండా పొక్కులు. వీడు చేసిన వత్తి శివుని ముందరా?"

చివరికి పురోహితుణ్ణి పిలిపించారు. వేపమండలు చూసి ఆయన గుమ్మం తొక్కలేదు. సందులో, కిటికీకి ఆమడ దూరాన, పంచె పైకెత్తి పట్టుకొని నిలబడ్డాడు, అమ్మవారు నేలమీద పాకి వస్తుందన్నట్టు. అవ్వ కిటికీ దగ్గర నిలబడి సంగతి చెప్పింది.

"నోము పట్టినవాళ్ల చెయ్యే పడాలమ్మా" అన్నాడాయన. "ఇంకొకరు చేస్తే ఆ ఫలం వాళ్లకే పోతాది. పైగా ఈ పిల్లోడు మైల."

నేను అవ్వ భుజం మీదుగా తల పెట్టాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"స్వామీ, ఒకటి తేల్చండి. పొద్దున మా నాయన నాకు దండం పెట్టి పోయినాడు. మధ్యాహ్నానికి నేను మైల ఎట్లయితా? అమ్మవారినా, మైలనా?"

"అది వేరే, ఇది వేరే అప్పా."

"ఇప్పుడు నా ఒంట్లో ఉండేది అమ్మవారు. వత్తి చేసేది ఆ తల్లే. ఎలిగేది శివుని ముందర. ఆలుమగల మధ్య మడేంది, మైలేంది?"

ఆయన పంచె ఇంకొంచెం పైకెత్తాడు. సిరుగుప్పలో పెళ్లి ఉంది, బస్సు తప్పిపోతుంది అన్నాడు. ఆ ఎండలో ఏ పెళ్లివారు ఆయన కోసం కాచుకొని ఉన్నారో మరి. సందు మలుపు దాకా పోయి, వెనక్కి తిరిగి, "కొస మెలికి మటుకు మీ చెయ్యి పడాలమ్మా, అది మరువద్దు" అని కేకేసి వెళ్లిపోయాడు. శాస్త్రానికి ప్రాణం మలుపు దగ్గరే వచ్చినట్టుంది.

అవ్వకు ఆ మాట చాలు. మా అమ్మ ఇంకా సణుగుతుంటే, "ఫలం వానికి పోతే పోనీలేమ్మా. వానికి ఇంకో దోవలో పుణ్యం వస్తుందని నువ్వేమన్నా ఆశ పెట్టుకున్నావా?" అంది. మా అమ్మ కొంచెంసేపు ఆలోచించి, న్యాయమేననుకుందేమో, లోపలికి వెళ్లిపోయింది.

అప్పటినుంచి పని అట్లా సాగింది. నేను దూది తోసి ఇస్తాను. అవ్వ తీసుకొని, కొసను బొటనవేలితో ఒక మెలి తిప్పి బుట్టలో వేస్తుంది. ఆ ఒక్క మెలికి ఆమె వేలు సరిపోయేది. మెలి తిప్పినప్పుడల్లా మా నాయన పసినాటి పేరొకటి ఏదో గొణిగేది. అంత మీసం ఉన్న మనిషికి అంత చిన్న పేరు ఉండేదని నాకు అప్పుడే తెలిసింది. దాంతో తరువాత చాలాకాలం వ్యాపారం చేసుకున్నాను, అది వేరే కథ.

పొక్కులు రాలిపోయాయి. వేపనీళ్లు పోసి నన్ను మళ్లీ మనిషిని చేశారు. మా నాయన అదే రోజు బాకీ ఉన్న "గాడిద"లన్నీ వరసగా తీర్చేశాడు. తలుపు తెరిచాక కూడా నేను ఒంట్లో నీరసమని చెప్పి ఆ గదిలోనే రెండు రోజులు కూర్చున్నాను. ఆ తరువాత కూడా అంగడి మూసివచ్చి, నీళ్లు పోసుకొని, అవ్వ ఎదురుగా కూర్చుని దూది తోసేవాణ్ణి. బజారులో తెలిస్తే నవ్వుతారని వేళ్లకున్న విభూతి కడుక్కొని పడుకునేవాణ్ణి.

కార్తీక సోమవారం నాడు గుడి ముందర నేతిలో నానిన వత్తులన్నీ ఒక్క కుప్పగా వెలిగాయి. మంట మనిషెత్తు లేచింది. ఏ వత్తి ఎవరు చేసిందో ఆ మంటకు పట్టినట్టు లేదు. పురోహితుడు ఈసారి చాలా దగ్గరగా నిలబడ్డాడు. అవ్వ చేతులు జోడించుకొని మంటను కాక మా నాయనను చూస్తూ ఉండిపోయింది. ఆయన పొగ కళ్లల్లో పడిందని తల తిప్పుకున్నాడు. పొగ ఆయన వైపు రాలేదు.

తరువాత ఒకరోజు భోజనం దగ్గర నేను ఊరుకోలేక అన్నాను: "అవ్వా, పురోహితుడు చెప్పిన లెక్కన సగం ఫలం నాదే. రేపు స్వర్గంలో నీ పక్కనే నాకూ ఒక చాప వేయించిపెట్టు."

అవ్వ వంకర వేళ్లతో ముద్ద కలుపుకుంటూ తల ఎత్తకుండానే అంది: "నాకూ అదే దిగులుగా ఉండాదప్పా. ఈడంటే నీకు నీళ్లు పోసి తలుపు తీసినారు. ఆడ నీ నోటి పక్కన నన్ను కూర్చోబెడితే తలుపు తీసేవాళ్లు ఎవరుండారు?"